పదకొండు అన్న అబద్ధం

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, ఎల్లారెడ్డిలో మా చెల్లె ఇంటి వరండాలో రోజూలాగే నడక మొదలుపెట్టాను.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఆ మాటకొస్తే జనం దయ్యమని అనుమానించవలసింది నన్నే. గుండె బాగా బలహీనపడితే ఆపరేషన్ చేసి లోపల చిన్న పంపు పెట్టారు. దాని బ్యాటరీల సంచి భుజాన ఉంటుంది. పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తుంది కనుక నాడి దొరకదు. రామారెడ్డిలో ఒక ఆర్‌ఎంపీ డాక్టరు నా చెయ్యి పట్టుకుని, ముఖం చూసి, మళ్లీ చెయ్యి పట్టుకుని, చెమట తుడుచుకున్నాడు.

నాడి లేనివాడు వ్యాయామంలో పడే శ్రమను నోటితోనే, ఒక అంకెగా చెప్పాలి. ఆరు అంటే హాయి. ఇరవై అంటే ఇక అడుగు పడదు. పదమూడు దాటితే కూర్చోవాలి. కామారెడ్డిలో మా ఇంట్లో నా భార్య సుజాత పక్కన నడుస్తూ అడిగేది.

"సారూ, ఎంత?"

టీచరుగా రిటైరయ్యాను, అందుకని ఆ ఎగతాళి. నేను రెండు తగ్గించి చెప్పేవాణ్ని. ఆమె పట్టేసేది.

నిరుడు నాలుగు రోజుల జ్వరంతో ఆమె పోయింది. చెల్లె నన్ను ఎల్లారెడ్డి తీసుకొచ్చింది. వారం పాటు అంకె పదమూడు దాటకపోతే నన్ను మా ఇంటికి పంపుతానంది. ఆ ఉదయం ఏడోది.

నాలుగో చుట్టులో చెల్లె వంటింట్లోంచి కేకేసింది. "అన్నా, ఎంత రాయాలె?"

"పదకొండు" అన్నాను. నిజానికి పదిహేను.

"అబద్ధం. కూసోండ్రి సారూ."

వెంటనే కూర్చున్నాను. అలవాటు. కూర్చున్నాకే కళ్లు బైర్లు కమ్మాయి. నిలబడి ఉంటే రాతి మెట్ల మీద పడేవాణ్ని. రక్తం పలచబడే మందు వాడేవాడికి తల పగిలితే రక్తం ఆగదు.

కాసేపటికి తేరుకుని చెల్లెను పిలిచాను. ఆమె వంటింటి గడప మీద కూర్చుని ఉంది, చేతిలో పెన్ను.

"నువ్వెందుకే కూర్చున్నావు?"

"వదినె గట్ల గద్దిస్తె నేను సుత కూసున్న అన్నా" అంది. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

ఇంట్లో మూడో మనిషి లేరు. టీవీ పెట్టలేదు. పక్కింటివాళ్లు ముందురోజే నాగిరెడ్డిపేట వెళ్లారు. ఇవన్నీ విచారించాను. ఆ మాట ఎక్కడిదో ఇప్పటికీ చెప్పలేను.

నేను నిజం చెప్పాక చెల్లె పుస్తకంలో పదిహేను అని రాసింది. నా ప్రయాణం మూడు వారాలు వాయిదా పడింది.

ఇప్పుడు కామారెడ్డిలో మా ఇంట్లోనే నడుస్తున్నాను. అంకె ఎంతని చెల్లె రోజూ ఫోన్లో అడుగుతుంది. తగ్గించి చెప్పడం మానేశాను.