కందులకు పురుగు పట్టే నెల

అక్క పోయిందని నాకు వికారాబాద్ స్టేషన్‌ల తెలిసింది. అక్కను చూద్దామని తాండూరు బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్న. అక్క ఆఫీసుల కుట్టుమిషను కాడ కూర్చునే వదిన ఫోన్ చేసి, "పొద్దుగాల అయిపోయిందే, నిద్రలనే పోయింది" అన్నది. నేను "ఆఁ" అన్న. ఏడుపు రాలే, ముందుగాల భయమైంది. ఆ భయం కూడ అక్క గురించి కాదు, మా అమ్మ గురించి. ఈ నెల అమ్మకు కందులు మార్చే నెల. ఇగ ఎవరు మారుస్తరు? మనిషి పోయిందన్న మాట చెవుల పడ్డదో లేదో నాకు గీ ఆలోచన వచ్చింది. అక్క వింటే నవ్వేది. భయానికి సిగ్గుండదే పిల్లా అనేది.

కందులు మార్చుడంటే ఏందో చెప్పాలె. అది చెప్తేనే అక్క ఎవరో మీకు తెలుస్తది.

తాండూరుల కాన్సర్ వచ్చినోళ్లకు తోడుండే చిన్న సంస్థ ఒకటుంది. రెండు అర్రలు, నాపరాళ్ల గచ్చు, ఒక కుట్టుమిషను, అర్ర మూలకు ఒక పచ్చ కర్టెన్. దాన్ని నడిపింది అక్క. ఒకప్పుడు అదే ఊళ్లె ప్రైవేటు దవాఖానల నర్సు. తనకే రొమ్ము కాన్సర్ వచ్చి, ఒక దిక్కు తీసేసినంక ఉద్యోగం మానేసి ఈ పనిల పడ్డది. పేషెంట్లను బండెక్కించి హైదరాబాద్ తీస్కపోవుడు, డాక్టర్ చెప్పింది వాళ్లకు అర్థమయ్యేటట్టు మళ్ల చెప్పుడు, కూర్చొని వినుడు. నేను సోషల్ వర్క్ పీజీ చదివేటప్పుడు రెండు నెలలు ఎక్కడన్న ఇంటర్న్‌షిప్ చెయ్యాలన్నరు. తోటి పిల్లలంత హైదరాబాద్‌ల ఏసీ ఆఫీసులు చూసుకున్నరు. మాది వికారాబాద్, పొద్దున బండెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చని నాకు ఇది అంటగట్టిన్రు.

మొదటిరోజు మాస్కు పెట్టుకొని పోయిన. కాన్సర్ అంటుకోదని పరీక్షల రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే, అయినా పెట్టుకున్న. అక్క నన్ను చూసి, "భయమైతుందా?" అని అడిగింది.

"లేదు మేడం."

"లేదా? అయితే నాకు పనికిరావు. ధైర్యం చెప్పేటోళ్లు ఊరి నిండ ఉన్నరు. నాకు భయపడేటోళ్లు కావాలె."

మాస్కు తియ్యమని మాత్రం అనలే. మధ్యాహ్నం చెమటకు నేనే తీసిన.

వాట్సాప్‌ల రెండు రోజుల సంది అందరు అక్క ఫోటో పెట్టి, కాన్సర్‌ను ఎదిరించిన ధీరవనిత అని రాస్తున్నరు. నాకు కోపమొస్తున్నది. అక్క మస్తు భయస్తురాలు. లిఫ్ట్ ఎక్కేది కాదు. బల్లి కనపడితే కుర్చీ ఎక్కేది. దవాఖాన నంబరు నుంచి కాల్ వస్తే ఫోన్ నా చేతిల పెట్టి బయటికి పోయి నిలబడేది. "మాట్లాడినవా? మంచిదేనా? మంచిదైతేనే లోపలికి వస్త" అని గుమ్మం అవతల నుంచి అడిగేది. గా భయంతోనే అన్నేండ్లు పని చేసింది. దాన్ని ధైర్యమని రాస్తే నాకు అక్క కనపడదు.

రొమ్ము తీసేసినోళ్లు జాకెట్ల పెట్టుకునేటందుకు మా ఆఫీసుల మెత్తలు కుట్టేటోళ్లం. ముంగట దూది, ఎనక చిన్న సంచిల కందులు. తాండూరుల కందులకేం కొదవ. కందులు ఎందుకంటే బరువు కోసం. వట్టి దూదైతే తేలిపోయి పైకెక్కుతది. నాకు తెల్వక మొదట్ల ఒకటి వట్టి దూదితోనే కుట్టి ఇచ్చేసిన. బషీరాబాద్ దిక్కు నుంచి వచ్చే ఒకామె అది పెట్టుకొని చుట్టాల పెండ్లికి పోయింది. అక్షింతలేద్దామని వంగి లేచేసరికి మెత్త గొంతుకాడికి వచ్చిందట. మరునాడు వచ్చి సగం కన్నడంల సగం తెలుగుల ఆ ముచ్చట చెప్పుకుంట ఒకటే నవ్వుడు. నేను ఏడ్చిన. "అంజబ్యాడవ్వా" అని నా వీపు నిమిరింది. భయపడకమ్మా అని. రోగం ఆమెది, భయపడొద్దని చెప్పుడు నాకు.

కందులతోని తిప్పలేందంటే పురుగు పడతది. కొన్ని నెలలు కాంగనే లోపల తొలిచి తొలిచి సన్నటి పిండి రాలుతది. ఆడోళ్లు పరేషానయి వచ్చి మార్పిచ్చుకొని పోతుండిరి. నేనుండంగనే ఎవరో దాతలు హైదరాబాద్ నుంచి పురుగు పట్టని మంచి రబ్బరు మెత్తలు అట్టపెట్టెల పంపిచ్చిన్రు. ముట్టుకుంటే అసలుదానిలెక్కనే ఉన్నయి. అక్క వాటిని బొంబాయి, పూణె దిక్కు పనికి పొయ్యేటోళ్లకు ఇచ్చింది. దగ్గర ఊర్లోళ్లకు మళ్ల కందులే.

నాకు ఒళ్లు మండింది. లొల్లి పెట్టుకున్న.

"మంచియి ఉండంగ పురుగు పట్టేటియి ఎందుకిస్తున్నవక్కా? కనీసం ఇంత వేపాకన్న వెయ్యరాదు? మా అమ్మ కందుల డబ్బల ఎండిన వేపాకు వేస్తది. ఏడాదంత పురుగు రాదు."

"అందుకే వెయ్య."

"ఏంది అందుకే?"

అక్క సూదిల దారం ఎక్కిచ్చుకుంట నిమ్మళంగ చెప్పింది. "ఆపరేషనైనోళ్లను ఆర్నెల్లకోసారి వచ్చి చూపిచ్చుకోమని చెప్తం. వస్తరా? రారు. వాళ్ల జాగల నేనుంటే నేను కూడ రాను. మళ్లొచ్చిందని చెప్తరేమోనని ఇల్లు కదలరు. గదే, కందులకు పురుగు పట్టింది, చీర మీద పిండి రాలుతుందంటే ఉరికొస్తరు. రానీ. కర్టెన్ ఎనకకు తీస్కపోత, గింజలు మారుస్త, పనిల పని చేత్తో చూస్త."

"మోసం గదక్కా?"

"మోసమే" అని దారం కొరికింది.

ఇగ నాకు కూడ ఆ పని నేర్పిచ్చింది. కర్టెన్ ఎనక ముందుగాల రెండు అరచేతులు రుద్దుకోవాలె, చేతులు సల్లగ ఉంటే వాళ్ల ఒళ్లు బిగుసుకుంటది. ముచ్చట ఆపొద్దు, టమాటలెంత, ఉల్లిగడ్డలెంత అని అడుగుతనే ఉండాలె. కోసిన గీత ఎంబడి, రెండో దిక్కు, చంకల, మెడ కింది ఎముక మీద, చేతి ఏళ్లు నిదానంగ జరపాలె. ఏం లేకపోతే అక్క లోపల నుంచే "చాయ్ పెట్టుండ్రే" అని కేకేసేది. చేతికి ఏదన్న తగిలితే మాత్రం కేకలుండకపొయ్యేటియి. కర్టెన్ జరిపి మెల్లగ, "అన్నం తిని పోదురు గని" అనేది. తనకు కాన్సరని చెప్పినరోజు అక్క పొద్దటి సంది ఏం తినలేదట. విని దవాఖాన గోడ పట్టుకొనే కింద పడ్డదట. అందుకని ఆకలి కడుపుతోని ఎవరికి ఆ మాట చెప్పొద్దనేది.

బయట కూర్చున్నోళ్లకు ఇది తెల్వదు. మాకే తెలుసు. కోట్‌పల్లి నుంచి వచ్చిన ఒక పెద్దామెకు ఒకనాడు నేనే వడ్డించిన. "ఇయ్యాల పండుగా బిడ్డా, గింత మంచిగ పెడుతున్నరు" అని అడిగింది. ఆమె ఇప్పటికి మంచిగనే ఉన్నది, తొందరగ దొరికింది కాబట్టి. కానీ ఆ రోజు ఆమె ఇంకింత చారు పోయమంటుంటే నేను కండ్లెత్తి చూడలేకపోయిన.

ఇంటర్న్‌షిప్ అయిపొయ్యే వారం మా అమ్మ నా ఆఫీసు చూస్తనని వచ్చింది. కొత్త చీర కట్టుకొని, మురుకులు డబ్బల పెట్టుకొని వచ్చింది. ఎవరి తల్లి వచ్చినా అక్కది ఒకటే మాట. "వదినా, మీ పిల్లకు కొలతలు నేర్పియ్యాలె, జర వచ్చి నిలబడరాదు?" అమ్మ నవ్వుకుంట కర్టెన్ ఎనకకు పోయింది. నేను పొయ్యి మీద చాయ్‌కి నీళ్లు పెట్టిన. లోపల టమాటల ముచ్చట నడుస్తున్నది. వికారాబాద్ మార్కెట్ల కంటే ఇక్కడనే సస్తా అని అమ్మ అంటున్నది. ఆ ముచ్చట నడుమల ఆగిపోయింది. అమ్మ ఒక్కతే మాట్లాడుతున్నది. అక్క గొంతు ఇనపడ్తలేదు.

చాయ్ అంటదని నేను చెవులు రిక్కించి కూర్చున్న. అను అక్కా, ఒక్కసారి అను అని లోపల లోపల మొక్కుకున్న. నీళ్లు మసులుతున్నయి. కర్టెన్ జరిగింది. అక్క నా దిక్కు చూడలే. "వదినా, అన్నం తిని పోదురు గని" అన్నది.

అమ్మకేం తెలుసు. "అయ్యో, నేను ఇంట్ల వండి పెట్టి వచ్చిన" అంటున్నది. నేను పొయ్యి బంజేసిన. ముగ్గురం కింద కూర్చొని పప్పన్నం తిన్నం. అమ్మ పప్పు మంచిగున్నదని రెండోసారి పెట్టిచ్చుకున్నది. చేతులు కడిగినంక అక్క ఆమె పక్కన కూర్చొని చెప్పింది.

తర్వాత అందరికి తెలిసిందే, తిరుగుడు, ఆపరేషన్, మందులు. తొందరగ దొరికిందని డాక్టర్ అన్నడు. ఆ మాట చెప్పేదాక అక్క, నేను బయట బెంచీ మీద చేతులు పట్టుకొని కూర్చున్నం. నాకంటే అక్క చెయ్యే సల్లగున్నది. పురుగు పట్టే కందులే లేకపోతే, మెత్తల కొలతల వంక లేకపోతే, మా అమ్మ తనంతట తాను ఏ డాక్టర్ తానకు పొయ్యేది కాదు.

అప్పటి సంది అమ్మ కూడ తాండూరు పొయ్యి కందులు మార్పిచ్చుకునేది. ఆ నెల వచ్చిందంటే మా ఇంట్ల ఎవరం గట్టిగ మాట్లాడం. బండిల అమ్మ కిటికీ బయటికే చూసేది. కర్టెన్ ఎనక నుంచి "చాయ్ పెట్టుండ్రే" అన్న కేక ఇనపడంగనే నాకు ఊపిరాడేది. మళ్ల కొన్ని నెలలు బతుకొచ్చు అనిపిచ్చేది.

ఇందరిని చూసిన అక్కను ఎవరు చూస్తున్నరని నేను ఎన్నడు అడగలే. పోయిన వానకాలం, అమ్మ పని అయినంక, అక్క నా ఎదురుంగ కూర్చొని బెండకాయలు కోస్తున్నది. ఆమె ఒళ్లె, నల్లచీర మీద, సన్నగ పిండి పడి ఉన్నది. దులుపుకున్నది. జరసేపటికి మళ్ల పడ్డది.

"అక్కా, నీయి ఎప్పుడు మార్చినవ్?"

"మారుస్త తీ."

"ఎప్పుడు మార్చినవని అడుగుతున్న."

కత్తి పక్కకు పెట్టింది. "నాకు భయమైతుందే" అన్నది.

లేపి కర్టెన్ ఎనకకు నేనే తీస్కపోయిన. చేతులు రుద్దుకున్న. టమాటలెంతక్కా అని అడిగిన. చెప్పలే, కండ్లు గట్టిగ మూసుకొని నిలబడ్డది. నాకు వెతికే పని పడలే. మెడ కింద, ఎముక మీద, కంది గింజంత గట్టిగ తగిలింది. దాని పక్కనే ఇంకోటి. నా ఏళ్లు అక్కడనే ఆగిపోయినయి. ఏం చెప్పాలె? నాకు వచ్చిన మాటలన్ని ఆమె నేర్పినయే.

"అన్నం తిందాం అక్కా" అన్న.

అక్క కండ్లు తెరిచి నా మొఖం చూసింది. జాకెట్ గుండీలు పెట్టుకొని, "బెండకాయ ఇగురు చేస్త ఉండు" అని పొయ్యి కాడికి పోయింది. ఆ రోజు ఇద్దరం కడుపునిండ తిన్నం.

మందులు వాడింది. కొన్నొద్దులు మంచిగనే అనిపిచ్చింది, తర్వాత లేదు. ఆఖరుకు మంచంల ఉన్నప్పుడు ఒకనాడు, "భయమైతుందా అక్కా?" అని అడిగిన, మొదటిరోజు నన్ను అడిగినట్టే. "ఐతుందే, చెయ్యి తియ్యకు" అన్నది. నేను తియ్యలే. ఆఖరు బండి టైమైతున్నదని ఆమెనే యాది చేసి పంపిచ్చింది.

మట్టి చేసి వికారాబాద్‌ల మా ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకుతున్నది. మట్టికి బషీరాబాద్ ఆమె, కోట్‌పల్లి పెద్దామె, ఇంకా మస్తుమంది ఆడోళ్లు వచ్చిన్రు. అందరి కండ్లల్ల నాకు ఒక్కటే అడుగుడు కనపడ్డది. ఇగ మేం ఎవరి తానకు రావాలె అని. నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ గచ్చు మీద కూర్చొని తన మెత్త కుట్లు విప్పుతున్నది. చాటల పాత కందులు పోసింది. అన్నిటికి తొర్రలు.

"నువ్వే చూడు" అన్నది.

"హైదరాబాద్ పోదాం అమ్మా, డాక్టర్ చూస్తడు."

"పోదాం తీ. ముందు నువ్వు చూడు. నాకు ఈ రాత్రి నిద్ర పట్టాలె."

తలుపేసిన. చేతులు రుద్దుకున్న, ఎంత రుద్దినా వేడెక్కలే. టమాటలెంత అని అడుగుడే మరిచిపోయిన. అమ్మనే మొదలుపెట్టింది, టమాటలు మళ్ల పిరమైనయని, ఉల్లిగడ్డలు కుళ్లినయి ఇస్తున్నరని. నా ఏళ్లు గీత ఎంబడి పోయినయి. రెండో దిక్కుకు పోయినయి. చంకల ఒక్కతాన ఆగినయి. అమ్మ మాట కూడ ఆగింది. మళ్ల చూసిన. నరం. కాదేమోనని ఇంకోసారి చూసిన. నరమే. మెడ కింద ఎముక మీద చూసేటప్పుడు నాకు అక్క మెడనే యాదికొచ్చింది. అమ్మ నా మొఖం మీద నుంచి కండ్లు తీస్తలేదు.

"అన్నం తిందామంటవా?" అని అడిగింది. ఆమెకు ఆ మాట సంగతి ఎప్పటి సంది తెలుసో నేను అడగలే.

"లే. చాయ్ పెడత" అన్న. "అయినా నా చేతిని నమ్మకు. వచ్చేవారం డాక్టర్ తానకు పోవుడు పోవుడే."

నేను వంటింట్లకు పోయి చాయ్ పెట్టిన. రెండు గ్లాసులు పట్టుకొని వచ్చేసరికి అమ్మ మెత్తల పొయ్యనీకి మా ఇంటి డబ్బల నుంచి కొత్త కందులు చాటల పోసుకున్నది. అద్దాలు పెట్టుకొని వంగి, వాటిల ఉన్న ఎండిన వేపాకు ఒక్కొక్కటే ఏరి పక్కకు పెడుతున్నది.