వెనక్కి నడిచిన పొట్టేలు

టీవీలో జపాన్ బొమ్మల సినిమాలో ఒక వీరుడు కొట్టబోయే ముందు నాలుగడుగులు వెనక్కి వేశాడు. "భయపడ్డడు నాయినా" అన్నాడు మా చిన్నోడు. నాకు మల్లయ్య గుర్తొచ్చాడు.

దేవరకొండ బడిలో మల్లయ్య నా పక్కన కూర్చునేవాడు. వాళ్లది గొర్లు కాసే ఇల్లు. ఒక మేకపిల్ల రోజూ వాడి వెంట బడికి వచ్చేది. నోటుబుక్కు మూలల్లో పేజీకొక బొమ్మగా పొట్టేళ్ల పోరు గీశాడు. పేజీలు గబగబా వదిలితే పొట్టేళ్లు వెనక్కి నడిచి, ఆగి, ఉరికొచ్చి ఢీకొనేవి. పిల్లలంతా "ఇంకోసారిరా" అంటూ వాడి మీద పడేవారు. నేనూ గీసేవాణ్ణి, కానీ నా బొమ్మలను ఎవరూ అడిగేవారు కాదు.

"నీ పొట్టేలు భయపడి ఎనుకకు పోతాందిరా" అన్నాను.

"భయం గాదురా, ఎనుకకు పోతెనే దెబ్బ గట్టిగుంటది."

అన్నం గంటలో ఆ వెనకడుగు పేజీలన్నీ చింపేశాను. ఆ తర్వాత పోరు రెప్పపాటులో అయిపోయింది. ఇంకోసారని ఎవరూ అడగలేదు.

పోయిన పేజీల కోసం వెతుకుతున్న మల్లయ్యతో "మీ మేకపిల్ల నమిలిందిరా, నేను చూసిన" అన్నాను. మల్లయ్య నమ్మాడు. మేకపిల్లను మర్నాటి నుంచి ఇంట్లోనే కట్టేసి వచ్చాడు. మళ్లీ బొమ్మలు గీయలేదు.

"భయం గాదు బిడ్డా, ఎనుకకు పోతెనే దెబ్బ గట్టిగుంటది" అన్నాను టీవీ ముందున్న మా చిన్నోడితో.

"నీకెట్ల తెలుసు?"

మల్లయ్య చెప్పాడన్నాను. మేకపిల్ల ఏ పేజీనీ ముట్టలేదని కూడా చెప్పాను.