గోనెతో సహా తూకం

గాజువాకలో నాది ఉల్లిపాయల కొట్టు. ఇరవై ఏళ్లుగా కాటా పక్కనే కూర్చుని బతుకుతున్నాను. మా నాన్నకి పద్మనాభం దగ్గర ఎకరంన్నర వరి ఉండేది. ధాన్యం అమ్మడానికి వెళ్తే గోనెకింత, తేమకింత అని ఇష్టమొచ్చినట్టు తరుగు తీసేవారు. ఆయన ఇంటికొచ్చి ఆ కోపమంతా మా మీద చూపించేవాడు. అందుకో ఏమో, నా కొట్లో మాత్రం ఖాళీ గోనెని కాటా మీద వేసి, దాని బరువు తీసేసి, సరుకు బరువే చెబుతాను. ఈ ఒక్క విషయంలో నాకు పొగరు కూడా ఉండేది. తూకం గురించి ఎవరైనా నోరెత్తితే గొడవకి దిగేవాణ్ని.

ఆ పొగరు దిగిపోయిన సంగతి ఇది.

కొన్నేళ్ల కిందట, ఒక వానాకాలం మధ్యాహ్నం, ఎస్సైగారు మనిషిని పంపించారు. రోడ్డు పక్కన ఒక ఆటోలో గంజాయి దొరికిందట, తూచడానికి కాటా పట్టుకుని రమ్మన్నారు. దగ్గర్లో కాటా ఉన్నవాణ్ని పిలవడం మామూలే. కాదనే ధైర్యం నాకు లేదు, పైగా చూద్దామన్న సరదా కూడా ఉంది. కాటాని బండి మీద పెట్టుకుని వెళ్లాను.

ఆటోలో రెండు గోనెలు, వానకి నాని ముద్దయిపోయి ఉన్నాయి. వాటి నిండా టేపు చుట్టిన పొట్లాలు. జరిగింది చూసి సంతకం పెట్టడానికి ఇద్దరు ప్రభుత్వోద్యోగులు మధ్యవర్తులుగా వచ్చి గొడుగు కింద నిలబడ్డారు. ఆటో డ్రైవరు ముప్పై ఏళ్లవాడు, కానిస్టేబుల్ పక్కన తడుస్తూ నిలబడ్డాడు. గోనెల్ని ఉన్నవి ఉన్నట్టే కాటా మీద పెట్టారు. రెండూ కలిపి ఇరవై ఒక్క కిలోల రెండు వందల గ్రాములు. నేను అంకె చదివాను, వాళ్లు రాసుకున్నారు.

తడి గోనె ఒక్కోటి కిలోకి తగ్గదని నాకు తెలుసు. అది నా చేతులకే తెలుసు, లెక్క కూడా అక్కర్లేదు. పొట్లాలు బయటికి తీసి తూద్దామండీ అని నోటిదాకా వచ్చింది. కానీ వాన పడుతోంది, ఎస్సైగారు గడియారం చూసుకుంటున్నారు, జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. అడిగితే చెబుదాంలే అనుకున్నాను. ఎవరూ అడగలేదు. చూపించిన చోట సంతకం పెట్టి, వాళ్లిచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఇరవై కిలోల దగ్గర చట్టంలో ఒక గీత ఉందని నాకప్పటికి తెలియదు. తెలియక చేసినదాన్ని ఎలాగో సర్దుకోగలను. తెలిశాక చేసినదే మింగుడుపడదు.

నెల తిరక్కుండా ఒక ముసలావిడ కొట్టుకొచ్చింది. ఆ డ్రైవరు తల్లినని చెప్పుకుంది. ఇద్దరే మనుషులు, కంచరపాలెంలో ఉంటారట. బెయిలు పిటిషను వేసిన లాయరు ఆమెని పంపించాడు.

"నాయినా, మా గుంటడు తప్పు సేసినాడో నేదో ఆ దేవుడికే తెలుసు. ఆటో ఎక్కినోడు మూటలెట్టీసి, పోలీసుల్ని సూసి పారిపోనాడంటన్నాడు. నాను అదేటీ అడగను. గోనెలు తీసి తూసినావా, తియ్యకుండా తూసినావా? ఆ ఒక్క మాట లాయరుగారికి సెప్పు."

పోలీసులు, కోర్టు, రేపు ఆ మూటల తాలూకు మనుషులెవరో, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"నాకు గుర్తు నేదమ్మా. కాయితం మీద రాసిందే రైటు. నన్ను ఇందులోకి లాగొద్దు," అన్నాను. గొంతు కావాలనే పెంచాను, పక్క కొట్లవాళ్లకి వినపడాలని.

"నాకు నీటికాసులు బాబూ. ఒక కన్ను ఎప్పుడో ఎల్పోనాది. రెండోదానికి ఆపరేషను సేత్తామన్నారు, కూడా మడిసుండాలన్నారు. ఆడు తప్ప నాకెవులున్నారు?"

నేను ఉల్లిపాయలు ఏరుతున్నట్టు తల దించుకున్నాను. ఆమె గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మనసు ఒకచోట నిలవలేదు. నా దగ్గర ఉల్లిపాయలు కొనే ఒక వకీలుగారిని, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. గంజాయి ఇరవై కిలోల లోపుంటే జడ్జిగారు మిగతా నేరాల్లో చూసినట్టే మంచీచెడూ చూసి బెయిలివ్వచ్చు. ఇరవై దాటిందా, దారి దాదాపు మూసుకుపోయినట్టే. ప్రభుత్వం తరఫు వకీలు వద్దంటే, ముద్దాయి ఈ నేరం చేయలేదనడానికి తగిన కారణాలు జడ్జిగారికి కనపడాలి. బయటికొస్తే మళ్లీ ఇలాంటిది చేయడని కూడా నమ్మకం కుదరాలి. ఒకటి కాదు, రెండూ ఉండాలి. విచారణే మొదలవని కేసులో నేరం చేయలేదని ఎలా చూపిస్తారండీ అన్నాను. అదేగా కష్టం అన్నారాయన.

"మరి తూచినవాడే వచ్చి గోనెతో తూచానని రాసిస్తే?"

"బెయిలొస్తుందని చెప్పలేను. కానీ లాయరుకి వాదించడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఇప్పుడు అదీ లేదు."

వారంలోపు వెళ్లి రాసిచ్చేద్దామనుకున్నాను. ఆ వారం లారీ లోడు వచ్చింది. పై వారం చుట్టాల పెళ్లి. నిజం చెప్పొద్దూ, అవన్నీ సాకులు. భయపడ్డాను, అంతే. బెయిలు పిటిషను కొట్టేశారని తర్వాత వకీలుగారే చెప్పారు. గోనెల సంగతి విచారణలో తేలాలి గానీ ఇప్పుడు కాదన్నారట. అన్ని సంతకాలతో ఉన్న కాగితాన్ని కాదని, ముద్దాయి మాటొక్కటే పట్టుకుని జడ్జిగారు మాత్రం ఏం చేస్తారు?

చట్టం మీద నాకేం కోపం లేదు. గంజాయి తాగి పాడైపోయిన పిల్లల్ని మా వీధిలోనే చూశాను. గీత గట్టిగానే ఉండాలి. గీత అంత గట్టిగా ఉన్నప్పుడు తూకం ఎంత నికార్సుగా ఉండాలి మరి! తూకం నా చేతిలో పెట్టారు, నేను దాన్ని వానలో పారేసి వచ్చాను. ఆ డ్రైవరు నిర్దోషో కాదో నాకిప్పటికీ తెలియదు. రెండు గోనెల బరువు మాత్రం అతనిది కాదు.

ఏడాది దాటాక, విచారణ ఇప్పట్లో తెమిలేలా లేదని పైకోర్టు అతనికి బెయిలిచ్చింది. ఇంకొన్నాళ్లకి నాకు సాక్షి సమన్లు వచ్చాయి. బోనెక్కి ప్రమాణం చేశాను. ముద్దాయి లాయరు రెండే ప్రశ్నలు వేశాడు.

"గోనెలతో సహా తూచారా?"

"అవునండీ."

"ఖాళీ గోనెల్ని విడిగా తూచారా?"

"లేదండీ."

అయిపోయింది. నిమిషం కూడా పట్టలేదు. ఇంత చిన్న మాటకా నేనంత వణికిపోయాను అనుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

వరండాలోకి వచ్చేసరికి ఆ డ్రైవరు ఎదురొచ్చాడు. తల్లి అతని భుజం పట్టుకుని వెనకే నడుస్తోంది. రెండో కన్ను కూడా పోయిందని చూడగానే తెలిసింది. నల్లద్దాల కింద ముఖం ఎటో తిప్పి ఉంది. నా దగ్గర ఆగి, తిట్టకుండా, నెమ్మదిగా అన్నాడు.

"ఆ రోజు నీ మొకమే సూత్తా ఉన్నాను అన్నా. గోనెలు తియ్యండని నానంటే దొంగ మాటంటారు. కాటా నీది కదా, నువ్వు సెప్తావనుకున్నాను."

నేను వాళ్లకి దారిచ్చి గోడ వైపు జరిగాను.

"ఎవులురా?" అంది తల్లి.

అతను ఒక్క క్షణం నా వైపు చూశాడు.

"సాచ్చి సెప్పినాయనమ్మా. గోనెలతో తూసినారని లోపల సెప్పినాడు."

ఆమె చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి నా మోచేయి పట్టుకుంది.

"సల్లగుండు నాయినా. ఆ ఉల్లిపాయల కొట్టోడు గుర్తు నేదని గెంటీసినాడు. నువ్వైనా సెప్పినావు."

నోరు తెరిస్తే గొంతు గుర్తుపడుతుందని, ఆమె చెయ్యి వదిలేదాకా నేను మాట్లాడలేదు.