ముత్యాలికి పూసిన నూనె

మండికల్ కృష్ణప్ప ఇంట్లో ముత్యాలి అని ఒక తెల్ల గుర్రం ఉంది. వయసు మీదపడి, ఎండలు ముదిరినా దానికి బొచ్చు రాలదు. ఒత్తు బొచ్చు కింద చెమట నిలిచి పుండ్లు పడతాయి. అందుకని ఏటా శివరాత్రి కాగానే, గుర్రాల బొచ్చు కత్తిరించే ముసలి చిన్నప్ప వచ్చి, దువ్వెనతో బొచ్చు ఎత్తిపట్టి కత్తెరతో కత్తిరించేవాడు. రెండు రోజుల పని. ముందు కత్తెరను కళ్ళకు అద్దుకుని, తర్వాత గుర్రం చెవిలో ఏదో చెప్పేవాడు.

ఈ ఏడు కృష్ణప్ప చింతామణి నుంచి చంద్రును పిలిపించాడు. బెంగళూరు దగ్గర గుర్రపుస్వారీ నేర్పేచోట పనిచేసినవాడు. మిషన్‌తో రెండు గంటల్లో ముగిస్తాడట.

"నీకు కండ్లు మసకలొచ్చినాయి కదప్పా, ఇంక కుచ్చోని చూడు" అన్నాడు కృష్ణప్ప, ప్రేమగానే. ఆ ప్రేమే చిన్నప్పకు ముల్లులా గుచ్చుకుంది.

ముందురోజు చంద్రు గుర్రాన్ని చూడ్డానికి వచ్చినప్పుడు కొట్టంలో చిన్నప్ప ఒక్కడే ఉన్నాడు.

"అప్పా, రేపు పొద్దున్నే కడిగి ఆరబెట్టమని అమ్మకు చెప్పు. జిడ్డుంటే బ్లేడు వేడెక్కతాది."

"ఊఁ" అన్నాడు చిన్నప్ప. చెప్పలేదు.

పండగ తలంటుకు బిడ్డకు పూసినట్టు, కత్తిరించే ముందు ముత్యాలికి ఆముదం పూయడం కృష్ణప్ప భార్య మునిరత్నమ్మకు అలవాటు. జిడ్డు మీద కత్తెర బాగా జారేది. ఆ సాయంత్రమూ పూసి, తెల్లారి నీళ్ళు పోయకుండానే పీచుతో బాగా తోమింది. చిన్నప్ప చూస్తూ ఊరుకున్నాడు.

"బాగా మెరస్తాండాదే! కడిగినట్లుండారు" అన్నాడు చంద్రు రాగానే. మధ్యాహ్నం బాగేపల్లిలో ఇంకో గుర్రం ఉందని తొందరలో ఉన్నాడు.

మునిరత్నమ్మ అతనికి ఇత్తడి లోటాలో కాఫీ ఇచ్చింది. ఏటా చిన్నప్పకు ఇచ్చే లోటా అది. చిన్నప్పకు స్టీలు గ్లాసు వచ్చింది. అందులో ఎప్పటిలా బెల్లం వేయడం ఆమె మరిచిపోలేదు గానీ, ఆ తీపి చిన్నప్ప నాలుకకు తెలియలేదు.

చంద్రు భుజం దగ్గర మొదలుపెట్టి, బొచ్చుకు ఎదురుగా మిషన్ నడిపాడు. ఇస్త్రీ చేసిన పంచెలా నున్నటి దారి పడింది. రెండో దారి దాని పక్కనే, గీత కనపడకుండా. నాలుగో దారికి మిషన్ సద్దు బరువెక్కింది. ముత్యాలి ఒళ్ళు జలదరించింది.

"సద్దుకు బెదురుతాండాది. తాడు బిగించప్పా" అన్నాడు చంద్రు. కృష్ణప్ప బిగించాడు. కదలలేని గుర్రం మెడ తిప్పి చిన్నప్ప వైపు చూసింది.

చిన్నప్ప గ్లాసు వదిలేసి లేచాడు. "ఆపప్పా! అది బెదురు గాదు, కాలతాండాది!"

చంద్రు మిషన్ ఆపి బ్లేడును తన మణికట్టుకు తాకించుకుని, చటుక్కున తీసేశాడు. పళ్ళ మధ్య జిడ్డు ఉండకట్టింది. గుర్రం భుజం మీద రూపాయంత మేర ఎర్రబడింది.

"కడగమని చెప్పినా గదా?"

"నాకు చెప్పినావు. నేను అమ్మకు చెప్పలా."

"మర్సిపోయింటావులేప్పా" అంది మునిరత్నమ్మ, తప్పుకోవడానికి దారి చూపిస్తూ.

"లేదమ్మా. కుళ్ళు."

"నీళ్ళు కాగబెడతా. నువ్వు కుంకుడుకాయలు కొట్టుపో" అంది మునిరత్నమ్మ. చంద్రు బాగేపల్లికి ఫోన్ చేసి, రేపు వస్తానని చెప్పాడు.

గుర్రాన్ని కడిగి మధ్యాహ్నం దాకా ఎండలో ఆరబెట్టారు. చంద్రు మాటిమాటికీ బ్లేడును మణికట్టుకు ఆనించి చూసుకుంటూ పని సాగించాడు. ముందుకాలి సందు దగ్గర, "ఈడ చర్మం ముడత, తెగతాది. లాగి పట్టప్పా" అన్నాడు. చిన్నప్ప పట్టాడు. మొహం దగ్గర మిషన్ చూడగానే ముత్యాలి తల ఎగరేసింది. "ఇది నా చేత కాదు. నువ్వే చెయ్యి" అని చంద్రు పక్కకు జరిగాడు.

చిన్నప్ప కత్తెర కళ్ళకు అద్దుకుని గుర్రం చెవి దగ్గరికి వంగాడు. ఈసారి ఆ మాట మునిరత్నమ్మకూ వినపడింది. "తప్పయిందమ్మా."

చంద్రు వెళ్ళాక అతను ముత్యాలి వీపంతా అరచేత్తో నిమిరాడు. ఎక్కడా ఎగుడుదిగుడు తగల్లేదు. "ఎంత నున్నగా చేసినాడు పాపిష్టోడు" అని గొణిగాడు. పొట్ట కింద మాత్రం వేలెడు కుచ్చు మిగిలిపోయి దొరికింది. ఆ రోజంతటిలో మొదటిసారి అతని మొహం వికసించింది. చూపిద్దామని కృష్ణప్పను పిలవబోయాడు. భుజం మీది ఎర్ర మచ్చ కంటబడింది. నోరు మూసుకుని, ఆ కుచ్చును తన కత్తెరతో చప్పుడు కాకుండా కత్తిరించేశాడు.