ల్యాబ్ అప్ప, మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటర్

అప్ప పోయిందని మొన్న బుధవారం పొద్దున్నే భీమిలి నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. నేనప్పుడే కూర్మన్నపాలెంలో మా ల్యాబ్ తలుపు తీస్తున్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఏడుపు రాకముందే నాకొక పాడు ఆలోచన వచ్చింది: ఇవాళ ప్రింటర్ మొరాయిస్తే ఎవరిని పిలవాలి? సిగ్గేసింది. కానీ మీకు నిజమే చెప్పాలి కదా.

ఆవిడ నాకు చుట్టం కాదు, మా రక్తపరీక్షల ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్. చేపలు పట్టేవాళ్ళ ఇంటి ఆడపిల్ల. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. వయసులో పెద్దదని, మా వైపు అక్కని పిలిచినట్టే, అందరం అప్ప అనేవాళ్ళం. కంప్యూటర్ చదువేమీ లేదు, అవసరం కొద్దీ నేర్చుకుంది. మూడు కంప్యూటర్లూ మూడు రకాలు: రిసెప్షన్‌లో నాది విండోస్, పరీక్షల గదిలో లినక్స్, డాక్టరుగారిది మ్యాక్. అన్నిటికీ ఒక్కటే ప్రింటర్. ముగ్గురు తోడికోడళ్ళకి ఒకటే పొయ్యి అనుకోండి.

నాకు పుట్టుకతోనే కంగారు. కాగితం ఒక్క నిమిషం ఆలస్యమైతే అరచేతులకి చెమటలు పడతాయి. అప్ప మాత్రం నిదానంగా చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, అప్పుడు కీబోర్డు ముట్టుకునేది. "ఏది ఆడతందో ముందు సూడు, ఏది ఆడట్లేదో తర్వాత సూద్దువు" అనేది.

ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. డాక్టరుగారి మ్యాక్ నుంచి ప్రింట్ వస్తోంది. నా విండోస్ నుంచీ, లోపలి లినక్స్ నుంచీ రావడం లేదు. కౌంటర్ ముందు జనం. నేను ప్రింట్ నొక్కుతూనే ఉన్నాను. ఇక ప్రింటర్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేద్దామనుకుంటుంటే అప్ప నా చెయ్యి పట్టుకుంది.

"ఏటే సేత్తన్నావ్? ఆగు."

ప్రింటర్ చేతే దాని వివరాల కాగితం తీయించి, అందులో నెట్‌వర్క్ నంబరు చూసి నవ్వింది.

"ఓలమ్మా, కరెంటు పోయొచ్చినాక రౌటరు దీనికి కొత్త నంబరిచ్చీసింది. డాక్టరుగారిది పేరెట్టి ఎతుక్కుంటాది, దొరికింది. మనయి రెండూ పాత నంబరు కాడే తలుపు కొడతన్నాయి. ఆ పాతదే ఇచ్చి, మారకుండా కట్టీత్తాను. నువ్వు ముందు లైన్లో ఆగిపోయిన ప్రింట్లన్నీ తీసీ."

తీసేశానని తలూపాను. తీయలేదు. ఎదురుగా ఒక పెద్దాయన మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. నంబరు కుదరగానే రెండు కంప్యూటర్లలో ఆగిన కాగితాలన్నీ కలగలిసి వచ్చి పడ్డాయి. ఒక్కో రిపోర్టుకి రెండేసి పేజీల చొప్పున గబగబా జతచేసి, పిన్ను కొట్టి ఇచ్చాను. రెండో పేజీ మీద పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను చూడలేదు. పెద్దాయన "సుగర్ నార్మలే!" అని మురిసిపోతూ మెట్లు దిగాడు.

మిగిలిన కాగితాలు తిరగేస్తున్న అప్ప ఆగిపోయింది. ఆయన అసలు రెండో పేజీ మా దగ్గరే ఉంది. అందులో సుగర్ నాలుగు వందల పైన.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ సంబరంలో మందులు మానేస్తే? "ఏమవుతుందప్పా?" అని ఏడ్చేశాను.

"ఏటీ అవదు. నానెల్తన్నాను. నానొచ్చీదాకా ఒక్క కాగితం ఎవరికీ ఇయ్యకు" అని చెప్పుల్లేకుండానే పరిగెత్తింది.

తప్పు నాదని ఆవిడ ఎవరికీ చెప్పలేదు, డాక్టరుగారికి నేనే చెప్పుకున్నాను. ఆవిడ కట్టిన నంబరు ఇవాళ్టికీ మారలేదు. ఇప్పుడు నా భయమంతా రాని కాగితం గురించి కాదు, వచ్చిన కాగితం గురించే. ప్రతి పేజీ మీదా పేరు మూడుసార్లు చదువుతాను. ఈ వారం నాలుగోసారి కూడా చదువుతున్నాను, ఎందుకంటే పొరపాటైతే పరిగెత్తడానికి ఆవిడ లేదు.

ఆ రోజు మేడమీది కిటికీలోంచి చూశాను. పెద్దాయన ఎక్కిన బస్సు కదిలిపోతోంది. జంక్షన్ మధ్యలో తెల్లకోటుతో అప్ప దానికి అడ్డంగా నిలబడింది. డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు, వెనక ఆటోలవాళ్ళు తిడుతున్నారు. ఆవిడ కదల్లేదు. కాగితం నెత్తిమీదికెత్తి ఆయన పేరు పెట్టి కేకలేస్తూనే ఉంది, బస్సు కిటికీలోంచి ఒక ముసలి చెయ్యి బయటికి వచ్చేదాకా.