సుషీ వచ్చునన్న మునిలక్ష్మి

సుషీ అనేది జపాన్ వాళ్ళ మాట. వాళ్ళ తిండి, వాళ్ళ పేరు, మనకెందుకు చెప్పండి. కానీ ఆ మాట ఉన్నచోట ఊరికే ఉండలేదు. దేశాలన్నీ తిరిగి కువైట్ పిల్లల నోళ్ళలో పడింది. అక్కడి నుంచి ఫోనెక్కి రాయచోటి ఏజెంటు లాల్ బాషా దాకా వచ్చింది. చివరికి సుండుపల్లె మునిలక్ష్మి మెడకు చుట్టుకుంది.

మునిలక్ష్మి రాగిసంగటి కెలికితే ఒక్క ఉండ కట్టదు. అంతటి చెయ్యి. మొగుడు ఆంజి మిద్దె కట్టే పనిలో కిందపడి నడుము విరగ్గొట్టుకున్నాక సంసారం మొత్తం ఆమె మీద పడింది. కువైట్ పోదామని ఏజెంటు దగ్గరికి పోతే, అతను వీడియో కాల్‌కు ముందే నూరిపోశాడు. "మామా ఏమడిగినా వచ్చుననే చెప్పు లక్ష్మమ్మా. రాదంటే ఇంకొకరిని పిలుచుకుంటారు." మామా అంటే ఇంటి యజమానురాలు. కువైట్‌లో పనిమనుషులు ఆమెను అట్లాగే పిలుస్తారు.

ఫోన్‌లో ఆ మామా వంట, ఇస్త్రీ, ముసలివాళ్ళ సేవ అన్నీ అడిగింది. ఆఖరున "సుషీ?" అంది. ఈమె లాల్ బాషా ముఖం చూసింది. అతను కళ్ళతోనే ఊఁ అనమన్నాడు. మునిలక్ష్మి ఎంత పెద్దగా తల ఊపిందంటే, అవతల మామా కూతుళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు.

అట్లా కువైట్ చేరింది. ముబారక్ అల్ కబీర్ అనే చోట ఆ ఇల్లు. ప్రతి గురువారం సాయంత్రం చుట్టాలంతా అక్కడే చేరతారు. మొదటి గురువారం పొద్దున్నే మామా వంటింటి బల్ల మీద జిగురు బియ్యం, వెనిగర్ సీసా, నల్లటి నాచు అట్టలు, చిన్న వెదురు చాప పెట్టి, "యల్లా లక్ష్మీ, సుషీ" అని తొందరపెట్టి వెళ్ళిపోయింది. ఆ చాప దేనికో, కూర్చోవడానికో తుడవడానికో కూడా మునిలక్ష్మికి తెలియదు. రాదని తెలిస్తే పనిమనుషుల్ని కుదిర్చే ఆఫీసుకు తిప్పి పంపేస్తారు. వెనక దొడ్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పక్కిల్లు మామా వాళ్ళ అక్కది. మధ్య గోడకు చిన్న తలుపుంది. ఆ తలుపులోంచి తల పెట్టింది అమీర్‌బీ. కడప మనిషి, ఆ ఇంట్లో చాలా ఏళ్ళుగా వంట చేస్తోంది.

"ఏందిమే, ఎందుకు ఏడుస్తాండావు?"

మునిలక్ష్మి చెప్పుకుంది.

"ఓస్, దీనికా. ఆ సామాను ఇట్లియ్యి. ముందు ఉన్నింట్లో నేను చేసేదాన్నే. మా మామా పండుకున్నాక చేసి ఇస్తాలే. ఎవురికీ చెప్పాకు. పక్కింటి పని నీకెందుకని నన్ను తిడ్తాది."

ఆ సాయంత్రం పళ్ళెం చూసి అందరూ ఆహా అన్నారు. రొయ్య, కీరా లోపల, అన్నం చుట్టూ, బిళ్ళలు బిళ్ళలుగా ఎంత ముచ్చటగా ఉన్నాయని! ఆడపిల్లలు ఫోటోలు తీసుకున్నారు. ఎవరు చేశారని చుట్టాలడిగితే మామా గర్వంగా మునిలక్ష్మి భుజం తట్టింది. అది మొదలు ప్రతి గురువారం అంతే. సామాను గోడ తలుపులోంచి అటు పోయేది, సుషీ ఇటు వచ్చేది.

"వచ్చి నేర్చుకో మే, ఎన్నాళ్ళని ఇట్లా?" అని అమీర్‌బీ పిలుస్తూనే ఉంది. "వచ్చే వారం వస్తాలే అక్కా" అని ఈమె దాటేసేది. పనుందని కాదు. పొగడ్త ఎట్లాగూ వస్తోంది, ఇక చేయి కాల్చుకోవడమెందుకని. అక్కడితో ఆగిందా? ఆంజికి ఫోటో పంపి "నేను చేసిందే" అని కూడా రాసింది. వినేవాళ్ళకే సిగ్గేస్తుంది.

ఒకరోజు పక్కింటి మామా పనిమనుషుల గదులు దులిపించింది. అమీర్‌బీ మంచం కింద నాచు అట్టలు, వెనిగర్ సీసా, వెదురు చాప బయటపడ్డాయి. ఆ ఇంట్లో అలాంటివి కొనరు. సంచీ చేతిలో పట్టుకుని, అమీర్‌బీని వెంటేసుకుని చెల్లెలి వంటింట్లోకి వచ్చింది.

"ఇవి మీ ఇంటివేనా? నా ఇంట్లో దొంగ ఉండకూడదు."

మామా సీసా చూసి గుర్తుపట్టి మునిలక్ష్మి వైపు తిరిగింది. "లక్ష్మీ, నువ్వు ఇచ్చావా?"

ఒక్క మాట. నేనే ఇచ్చినా అంటే చాలు. ఆ మాట వెనకే "మరి ఎందుకిచ్చావు?" వస్తుంది, దాని వెనకే ఆఫీసు, విమానం, మంచంలో ఆంజి. అమీర్‌బీ ఆమెనే చూస్తోంది. కోపంగా కాదు, ఊరికే చూస్తోంది.

"లేదు మామా. నాకు తెలీదు."

అమీర్‌బీ చూపు తిప్పుకుంది. పక్కింటి మామా "ఖలాస్, ఇక నీకు నా ఇంట్లో పని లేదు" అంది. మర్నాటికి గోడ తలుపు అవతల గొళ్ళెం పడింది.

ఆ తర్వాత మునిలక్ష్మికి అన్నం సయించలేదు. ఆంజి ఫోన్ చేస్తే ముఖం చూపించలేక కెమెరా మూసి మాట్లాడింది. బుధవారం మధ్యాహ్నం మామా వాళ్ళ అమ్మకు తల దువ్వుతోంది. ఆ ముసలమ్మకు చూపు సరిగా ఆనదు. దువ్వెన పెట్టనిచ్చేది మునిలక్ష్మిని ఒక్కదాన్నే. మామా వచ్చి "రేపు సుషీకి ఏం తేవాలి?" అని అడిగింది. దువ్వెన చేతిలోంచి జారిపోయింది. మునిలక్ష్మి నేల మీద కూలబడి, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అంతా కక్కేసింది. సుషీ రాదని, అన్నీ అమీర్‌బీ చేసినవేనని, సామాను తానే ఇచ్చానని.

మామా వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది.

"సుషీ కోసమా? అది పిల్లల సరదాకు అడిగాను. రాదంటే హోటల్ నుంచి తెప్పించేదాన్ని. నిన్ను పెట్టుకుంది మా అమ్మ కోసం. ఆ రోజు మా అక్క ముందే అడిగాను కదా లక్ష్మీ. ఎందుకు చెప్పలేదు?"

మునిలక్ష్మికి తల నేలకేసి కొట్టుకోవాలనిపించింది. మామా అప్పటికప్పుడే అక్కకు ఫోన్ చేసింది. ఇఖామా, అదే అక్కడ ఉండనిచ్చే కాగితం, రద్దు చేయించి పొద్దుటి విమానంలోనే పంపేశామని అవతలి నుంచి జవాబు.

"నన్ను కూడా పంపెయ్యి మామా" అంది మునిలక్ష్మి.

"నిన్ను పంపను. అమ్మకు నువ్వు కావాలి. లే, జడ వెయ్యి."

లేచి జడ వేసింది. జడ చివర ముడి వేస్తుంటే ముసలమ్మ ఆ చేతులు తడిమి పట్టుకుని, మంచి పిల్లవని దీవించింది. ఆ దీవెన చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

గురువారం హోటల్ నుంచి సుషీ వచ్చింది. ఎవరూ తేడా అడగలేదు. పిల్లలు అదే సంబరంగా తిన్నారు. మునిలక్ష్మి ఖాళీ డబ్బాలు ఏరుతుంటే ఫోన్ మోగింది. అమీర్‌బీ కడప నుంచి గొంతు రికార్డు చేసి పంపింది. వంటింటి మూలకు పోయి చెవికి ఆనించుకుంది.

"మే, నేను ఇల్లు చేరినా. ఈ పొద్దు గురువారం గదా, నువ్వెట్లా చేస్తాండావో ఏమో. అన్నం వేడిగుండంగానే వెనిగర్ కలుపు. విసనకర్రతో విసురు. కత్తి తడి చేసి కొయ్యి, అంటుకోదు. భయపడాకు, వస్తాది." వెనక ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారు. "ఆ పొద్దు నేను నోరెందుకు తెరవలేదంటే, నువ్వే చెప్తావులే అనుకుంటి మే."