మా అయ్య దున్నిన పరాయి చేను

మొన్న మాఘ శుద్ధ దశమి, గురువారం, పొద్దున్న పదిన్నరకు మా మనవరాలి సంబంధం చెడిపోబోయింది. ఆమదాలవలస దగ్గర మా ఇంట్లోనే. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన పెళ్లికొడుకు తాత, నాకు వరసకు బావ, తాంబూలం పళ్లెం పక్కకు నెట్టాడు.

"ముందు ఇది సెప్పే. మా అయ్యని పోలీసులకి పట్టించింది మీ అయ్యే కదా? ఒప్పేసుకో, తాంబూలాలు మార్సుకుందాం."

ఈ అనుమానం నేను పుట్టకముందుది. మా అయ్య ఎర్రజెండా మనిషి, వాళ్ల అయ్య మూడు రంగుల జెండా మనిషి. అప్పట్లో ఒకే ఊరు, పక్కపక్క చేలు. జమీందారు శిస్తుకు ఎదురు తిరిగినప్పుడూ, తెల్లవాణ్ణి పొమ్మన్నప్పుడూ ఒకే సభలో కూర్చున్నారు. తర్వాత యుద్ధంలో జర్మనీ రష్యా మీద పడింది. ముందు ఆ యుద్ధం గెలవాలి, అందాకా తెల్లవాడితో తగువు వద్దని మా అయ్య పార్టీ చెప్పింది. "నిన్నటిదాకా పగోడు, ఇయాల సుట్టమైపోనాడేటి?" అని వాళ్ల అయ్య నడివీధిలో అడిగాడట. ఆయన రైలు కట్ట పక్కన తంతి తీగలు తెంపడానికి వెళ్లాడు. మా అయ్య వెళ్లలేదు. వాళ్ల అయ్యని పట్టుకుని జైల్లో వేశారు. అప్పటినుంచి రెండిళ్లకూ పిలుపుల్లేవు. ఇప్పుడు పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు కాబట్టి ఎదురెదురుగా కూర్చున్నాం.

నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చి, మా అయ్య నమ్మిన మాటలు నేనే చదువుకున్నాను. చదివాక కూడా ఆయన ఆగిపోవడం సరైనదని అనలేను.

"ఎల్లకపోడం తప్పే బావా. పట్టించలేదు."

"నీకేటి తెల్సు? అప్పటికి పుట్నేదు."

"మా అమ్మ సెప్పింది. మీ అయ్య జైల్లో ఉంటే మీ సేను దున్నిందెవులు?"

"మీ అయ్యే. గట్టు మీదుండి సూసినాను. మా అమ్మ వద్దన్నా దున్నినాడు. అందుకే అడగతన్నాను. తప్పు సెయ్యనోడు పరాయి సేను ఎందుకు దున్నుతాడే?"

మంచిపని అనుకున్నదే ఇన్నేళ్లూ మాకు ఎదురు సాక్ష్యమని నాకు తెలియదు. గుమ్మంలో మనవరాలు నా మొహమే చూస్తోంది. ఒక్కసారి అవునంటే దాని పెళ్లి కుదిరిపోతుంది.

"వానపడి పదునున్నాది. ఆగితే ఆరిపోతాది. ఉలవలు సల్లకపోతే మీ అమ్మా నువ్వూ ఏటి తింటారు? అందుకని దున్నినాడు. లేనిది ఒప్పుకోను. సంబంధం పోతే పోనీ."

మనవరాలు తల దించుకుంది. పెళ్లికొడుకు తల్లి మాత్రం ఊరుకోలేదు.

"మావా, ఆ ఉలవలు తిన్నావా నేదా?"

"తిన్నాను. తినక సస్తామేటే?"

ఎవరో నవ్వారు. బావ నవ్వలేదు. 

"నాను నమ్మను. సచ్చీదాకా నమ్మను. పిల్ల ఏటి సేసింది పాపం, పళ్లెం ఇటు తే."

నమ్మమని నేనూ అడగలేదు. తాంబూలాలు మారినప్పుడు అక్కడున్నది నేను, బావ, పెళ్లికొడుకు తల్లీ తండ్రీ, నా కొడుకూ కోడలూ, ముహూర్తం పెట్టడానికొచ్చిన పంతులు, గుమ్మంలో మనవరాలు. పెళ్లికొడుక్కి సెలవు దొరకలేదు.